పోర్టు లైటు పచ్చగానే ఉంది, సర్వర్‌కు లన్ (స్టోరేజ్‌లోంచి ఇచ్చే డిస్కు) మాత్రం కనబడటం లేదు

కర్నూలులో ఒక ఆసుపత్రి సర్వర్ రూమ్ చూసుకుంటాను. ఇన్నేళ్లూ ఈథర్నెట్, ఐపీ అడ్రసులతోనే నెట్టుకొచ్చినవాణ్ణి. పోయిన వారం ఫైబర్ ఛానెల్ స్టోరేజ్ (సర్వర్లకు విడి నెట్‌వర్కు మీద డిస్కులిచ్చే పెట్టె) నెత్తిన పడింది. బిగించినబ్బాయి ఆ రాత్రే బెంగళూరు బస్సెక్కేశాడు, ఫోన్ ఎత్తడం లేదు.

సర్వర్‌ను ఆ నెట్‌వర్కుకు కలిపే హెచ్‌బీఏ కార్డులో ప్రతి పోర్టుకూ డబ్ల్యూడబ్ల్యూపీఎన్ అని 64 బిట్ల పేరుంటుందని తెలిసింది. రెండేసి అక్షరాల చొప్పున 8 జతలు. సెల్‌ఫోన్ టార్చ్ వేసి స్టిక్కర్ చదవబోతే 8 ఏదో బీ ఏదో తెలిస్తేగా! చివరికి స్విచ్‌లో లాగిన్ అయిన పోర్టుల జాబితా చూసి రాసుకున్నాను. సర్వర్ వైపుది ఎన్ పోర్టు, స్విచ్ వైపుది ఎఫ్ పోర్టు అన్నంతవరకు పర్లేదు.

సర్వర్ పోర్టునూ స్టోరేజ్ పోర్టునూ ఒకే జోన్‌లో (ఒకదానికొకటి కనబడే పోర్టుల గుంపు) పెట్టి, యాక్టివేట్ కూడా చేశాను. అయినా డిస్కు రాలేదు. జోనింగ్ అయ్యాక స్టోరేజ్‌లో లన్ మాస్కింగ్ (ఏ లన్ ఏ సర్వర్‌కు కనబడాలో చెప్పడం) విడిగా చేయాలా? అక్కడ ఇవ్వాల్సింది పోర్టు పేరా, నోడ్ (మొత్తం పరికరం) పేరా? రెండూ ఒకేలా ఉండి తికమకగా ఉంది. పాత సర్వర్ మీద రోగుల రికార్డులున్నాయి, అందుకే టెన్షన్. తెలిసినవారు కాస్త విడమరిచి చెప్పండి.