టాండెమ్ సైకిల్‌పై గ్రూప్ రైడ్‌కి వెళ్లే దంపతులెవరైనా ఉన్నారా? సలహా కావాలి

మాది హనుమకొండ. ఆదివారాలు పొద్దున్నే కొందరం కలిసి ములుగు రోడ్డు మీద సైకిళ్లు తొక్కుతాం. మా ఆవిడకు కొన్నేళ్లుగా చూపు తగ్గుతూ వస్తోంది, ఒక్కతే రోడ్డెక్కలేదు. అందుకే ఇద్దరం కలిసి తొక్కే టాండెమ్ తీసుకున్నాం. హ్యాండిల్, బ్రేకులు, గేర్లు ముందు కూర్చునే నా చేతిలో ఉంటాయి. తొక్కడంలో తను నాకేం తీసిపోదు.

ఇబ్బందల్లా గుంపులోనే. చదును రోడ్డు మీద బలం ఇద్దరిది, ఎదురుగాలి దాదాపు ఒక్కరికే. అందుకని మేం ముందుకెళ్లిపోతాం. ఎత్తు ఎక్కేటప్పుడు వెనకబడతాం. దిగుడులో ఇద్దరి బరువుకు బండి దూసుకుపోతుంది, ముందున్నవాళ్లకు తగులుతామేమోనని ఒకటే టెన్షన్. మేం ముందుండాలా, చివర్లో ఉండాలా? మీ దగ్గర ఎలా చేస్తారు?

ఇంకో సంగతి. రెండు జతల పెడల్స్ చైన్‌తో కలిసే తిరుగుతాయి కదా, నేను ఆపితే తన కాళ్లూ ఆగాల్సిందే. గుంత, స్పీడ్ బ్రేకర్ తనకు కనిపించవు. నేను ముందే అరిచి చెప్తాను, కానీ లారీల మోతలో వినపడదు. తెలియకుండా కుదుపు తగిలితే నడుముకి దెబ్బ, అదే నా భయం. హెల్మెట్‌కి పెట్టే ఇంటర్‌కమ్ ఎవరైనా వాడారా?

చలికాలంలో రామప్ప గుడి దాకా వెళ్లాలని తన కోరిక, ఒకవైపే 60 కిలోమీటర్ల పైనే. మా బండికి రిమ్ బ్రేకులున్నాయి (చక్రం అంచుని పట్టి ఆపేవి), ఇద్దరి బరువుకు చాలతాయా? వరంగల్, కరీంనగర్ వైపు టాండెమ్ పని తెలిసిన మెకానిక్ ఉంటే దయచేసి చెప్పండి.