సమస్య: క్రేను చేప పట్టి తాను మింగె

మద్దిలపాలెం మాస్టారు (నిర్వహణ): ఈ వారం ఆటవెలది. రోజూ నోట్లో నానే ఇంగ్లీషు మాటకి రెండో అర్థం పట్టుకోవాలి. నాలుగో పాదం నాది, పై మూడూ మీవి. యతి ఏదీ అని అడగకండి. క్రేను, తాను: రెండో అక్షరం ‘ను’ కలిసింది కాబట్టి ప్రాసయతి. ఆటవెలదిలో చెల్లుతుంది.

గాజువాక కుర్రాడు:
రేవు చివర నిలిచి రెక్కలు ముడిచిన
పక్షి పేరు క్రేను, బడిని వింటి;
యంత్ర మసలు చేప నంటదు ముట్టదు,
క్రేను చేప పట్టి తాను మింగె.

మాస్టారు: గణాలు, యతులు శుభ్రం. కానీ రెండో పాదానికే గుట్టు విప్పేశావు, చివరిదాకా దాచాల్సింది. ఇంకోటి, మన విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో వలల చుట్టూ తిరిగేవి తెల్ల కొంగలు. వాటిని ఇంగ్లీషులో ఈగ్రెట్ అంటారు. క్రేన్ అంటే సారసం, దాని కుటుంబమే వేరు. ఆ పొడుగు మెడ చూసే యంత్రానికి పక్షి పేరు పెట్టారు. గ్రీకులోనూ రెండింటికీ ఒకటే మాట.

గాజువాక కుర్రాడు: కొంగ అని నేననలేదు కదా మాస్టారూ!

మాస్టారు: అనలేదు. రేవు చివర నిలబెట్టావు, అదే చిక్కు.

భీమిలి అమ్మాయి: నాకు పక్షి వద్దు.
మామ క్రేను నడుపు, మావాళ్ళు సరదాగ
పేరు క్రేను గానె పెట్టినారు;
అత్త కంచమందు నన్నంబుపై నున్న
క్రేను చేప పట్టి తాను మింగె.

మాస్టారు: ఊహ బాగుందమ్మా, నాకు ఇదే ఎక్కువ నచ్చింది. అన్వయమే కుదరలేదు. ‘అన్నంబుపై నున్న క్రేను’ అని చదివితే మీ మామయ్య అన్నం మీద కూర్చున్నట్టుంది! చేపకి చెందాల్సిన విశేషణం ఆయనకి అంటుకుంది.

పెందుర్తి అక్క: మూడో పాదం ఇలా మార్చి చూడమ్మా: ‘అత్త పిలుచు వరకు నాగక వంటింట’.

భీమిలి అమ్మాయి: థాంక్స్ అక్కా, ఇప్పుడు మామయ్య నేల మీదకి దిగాడు.

గాజువాక కుర్రాడు: పైలట్ మీద కూడా ఒకటివ్వండి మాస్టారూ. మా నాన్న పోర్టులో పైలట్ అంటే, మా ఫ్రెండ్స్ ఏ ఎయిర్‌లైన్స్ అని అడుగుతారు.

మాస్టారు: మంచిదే, తర్వాత చూద్దాం. డాల్ఫిన్స్ నోస్ కొండ పక్కనున్న ఆ సన్నటి కాలువలోంచి ఓడని ఇన్నర్ హార్బర్‌కి తెచ్చేవాడికి రెక్కలతో పనేముంది! 1933లో పోర్టు తెరిచారు. అక్కడి మాటలు ఇన్నేళ్ళయినా ఊళ్ళోకి సగమే వచ్చాయి. అందుకే వచ్చే వారం సమస్య కూడా అక్కడిదే: ‘నౌక బెర్తు మీద నడుము వాల్చె’.

పెందుర్తి అక్క: రేవులో నిలిచే చోటు, అదే బెర్త్, ఖాళీ లేక ఓడలు బయట సముద్రంలో లంగరేసుకుని ఆగుతాయి కదా. నౌకకి ఆర్‌ఏసీ వచ్చిందని రాస్తే ఒప్పుకుంటారా?

మాస్టారు: యతి కన్ఫర్మ్ అయితే ఒప్పుకుంటాను.