అప్‌డేట్: ఉబుంటు 22.04లో ఆప్ట్ అప్‌డేట్ 0% దగ్గర ఆగిపోవడం – పరిష్కారం దొరికింది

విజయనగరంలో ల్యాబ్ సిస్టమ్స్ అన్నింటిలో ఆప్ట్ అప్‌డేట్ (ఉబుంటులో సాఫ్ట్‌వేర్ ప్యాకేజీల జాబితాను తాజా చేసే కమాండ్) 'కనెక్టింగ్ టు' దగ్గరే నిలిచిపోతోందని అడిగాను కదా, తేలింది. సాయం చేసినవాళ్లందరికీ థాంక్స్.

తప్పు ఐపీవీ6ది, అంటే కొత్త రకం ఇంటర్నెట్ అడ్రస్ పద్ధతిది. ఆగిన లైన్లో బ్రాకెట్లో కోలన్లతో పొడుగాటి అడ్రస్ కనిపిస్తే అదే గుర్తు. రౌటర్ ఐపీవీ6 అడ్రస్ ఇస్తోంది గానీ ఆ దారిలో ట్రాఫిక్ బయటికి పోవట్లేదు. ఆప్ట్ ముందు దాన్నే పట్టుకుని టైమౌట్ దాకా కూర్చుంటోంది.

ఆప్ట్‌ని పాత పద్ధతి ఐపీవీ4 మాత్రమే వాడేలా చేయమని మీలో కొందరిచ్చిన ఫోర్స్ ఐపీవీ4 సలహా పనిచేసింది. 'ఎక్వైర్', రెండు కోలన్లు, 'ఫోర్స్‌ఐపీవీ4', కోట్స్‌లో 'ట్రూ': ఈ లైన్‌ని ఆప్ట్ సెట్టింగ్స్ ఉండే 'ఆప్ట్ డాట్ కాన్ఫ్ డాట్ డీ' ఫోల్డర్లో ఒక ఫైల్‌గా పెట్టాలి. చివర సెమీకోలన్ మరిస్తే సింటాక్స్ ఎర్రర్ వస్తుంది, జాగ్రత్త.

మిర్రర్ (ప్యాకేజీలు దించుకునే నకలు సర్వర్) మార్చడం, డీఎన్ఎస్ (సైట్ పేరుని అడ్రస్‌గా మార్చే సర్వీస్) మార్చడం, ఆప్ట్ దించుకున్న జాబితాలుండే లిస్ట్స్ ఫోల్డర్ ఖాళీ చేయడం, వీటికీ దీనికీ సంబంధం లేదు. మిర్రర్ బదులు పెట్టిన ఉబుంటు మెయిన్ సర్వర్‌కీ ఐపీవీ6 ఉంది కాబట్టి అక్కడా అలాగే ఆగింది. తర్వాత రౌటర్లోనే ఐపీవీ6 ఆపేశాం; ఇప్పుడు ఆ ఫైల్ తీసేసినా నడుస్తోంది.