బూరుగు దూది దిండు ఉండలు కడుతోంది, ఏం చేయాలి?

మా పొలం గట్టు మీద పెద్ద బూరుగు చెట్టు ఉంది. మొదలంతా ముళ్ళే, ఎక్కడం కుదరదు. అందుకే ఏప్రిల్ రెండో వారంలో దోటితో కాయలు దింపాం. విచ్చుకుంటే దూది గాలికి పోతుందని కాస్త ముందే కోశాం. అప్పటికి సగం కాయలు గోధుమ రంగుకు తిరిగాయి, మిగతావాటిలో ఇంకా పచ్చదనం ఉంది.

మేడ మీద పాత దోమతెర కప్పి 5 రోజులు ఎండబెట్టాం. పగిలిన కాయల్లోంచి దూది తీసి, సన్న కర్రతో కొట్టి గింజలు రాల్చాం. పట్టులా జారిపోయే దూది, చేత్తో పట్టుకుంటే బరువే తెలియదు! దళసరి గుడ్డ గలేబులో నింపి రెండు దిండ్లు కుట్టాను.

20 రోజులకే లోపల నిమ్మకాయంత ఉండలు కట్టాయి. నొక్కితే గింజలు తగులుతున్నాయి, కొద్దిగా ముక్కవాసన కూడా వస్తోంది. దిండ్లను 3 రోజులు, ఉదయం 10 నుంచి 3 దాకా ఎండలో పెట్టాను. వాసన తగ్గింది కానీ ఉండలు విడలేదు. విప్పి చేత్తో చిదిపినా వారంలో మళ్ళీ అదే పరిస్థితి. దూది ఏకే అతను చేయనన్నాడు. బూరుగు పోగు పొట్టిది, జారుడుది, మిషన్‌లో నిలవదట. అది నిజమే అనిపిస్తోంది, ఈ దూదితో నూలు కూడా వడకరు కదా.

అమ్మకు మెడనొప్పి, ఆమె కోసమే చేసిన దిండ్లు ఇవి. పారేయడానికి మనసు రావడం లేదు.

ఇళ్ళల్లో బూరుగు దిండ్లు చేసిన అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి: ఈ దూదిలో మిగిలిన గింజలు తీసి, మళ్ళీ ఉండ కట్టకుండా చేయాలంటే ఎలా?