హోటల్‌పై రాసిన సమీక్ష పదేపదే వెనక్కి వస్తోంది, ఏమి చేయాలి?

వేసవిగాలి:
ఉదయం నుంచి ఇదే పనిగా కూర్చున్నాను. మేము బస చేసిన హోటల్‌పై సమీక్ష రాసి పంపితే కాసేపటికే "మా నియమాలకు అనుగుణంగా లేదు" అంటూ తిరిగి వస్తోంది. ఏ నియమమో చెప్పరు. ఘాటు తగ్గించాను, పొడవు తగ్గించాను, ఆశ్చర్యార్థకాలన్నీ తీసేశాను. ఫలితం లేదు. దక్షిణ అమెరికా తిరిగి వచ్చినవారు ఇక్కడ ఉన్నారు కాబట్టి అడుగుతున్నాను. నేను రాసింది ఇది:

"నగరం నడిబొడ్డున పాత భవనం. ఫొటోలు చూసి మోసపోవద్దు. గదిలో హీటర్ లేదు, చలికి అమ్మ రాత్రంతా నిద్రపోలేదు. కిటికీ వీధివైపు కాకుండా లోపలి వరండాలోకి తెరుచుకుంటుంది. లిఫ్టు లేదు. కెటిల్‌లో నీళ్లు సరిగా కాగవు, టీ చప్పగా ఉంటుంది. మేము తీసుకెళ్లిన కుక్కర్‌లో అన్నం కూడా ఉడకలేదు. అర్ధరాత్రి దాకా వీధిలో బాణసంచా, బాజాలు. ఇవి చాలవన్నట్టు బిల్లులో 18 శాతం పన్ను అదనం. విదేశీయులకు ఆ పన్ను లేదని తెలుసుకునే వెళ్లాం. అడిగితే నవ్వి ఊరుకున్నారు. రెండు నక్షత్రాలే ఎక్కువ."

ఇందులో ఒక్క అబద్ధం లేదు. ఎందుకు వేయరు?

కొండదారి:
ఏ ఊరండీ? క్విటోనా, లాపాజా, కుస్కోనా? ఏ నెలలో వెళ్లారు?

ఒక్కమాట:
బిల్లు ఫొటో జత చేశారా?

వేసవిగాలి:
పెరూలో మాచు పిచ్చు చూడటానికి వెళ్లేవాళ్లు ఇంకెక్కడ దిగుతారండీ? కుస్కోనే. సెలవుల్లో వెళ్లాం.

కొండదారి:
మన వేసవి సెలవులంటే అక్కడ చలికాలం. మే నుంచి సెప్టెంబరు దాకా వానలుండవు, పగలు ఎండ బాగానే కాస్తుంది, రాత్రి సున్నా డిగ్రీల దాకా దిగిపోతుంది. ఏ నెలో చెబితే ఆ బాణసంచా సంగతి కూడా తేలుతుంది.

వేసవిగాలి:
జూన్. అయినా నెలకూ, సమీక్ష వెనక్కి రావడానికీ ఏమిటి సంబంధం?

పాతగోడలు:
మీ సమీక్ష చదివి బాధ కలిగింది. కిటికీ లోపలి వరండాలోకి తెరుచుకోవడాన్ని లోపంగా రాశారు. అది ఆ ఇళ్ల పద్ధతి. కుస్కోలో స్పానిష్ కాలపు పెద్ద లోగిళ్లను కసోనా అంటారు. నడుమ రాతి పరుపు వేసిన ముంగిలి, చుట్టూ వంపు స్తంభాల వరండాలు, పైన చెక్క నడవ. గదులు చాలావరకు ఆ ముంగిలి వైపే చూస్తాయి. వీధివైపు మందపాటి గోడ ఉంటుంది. చాలాచోట్ల ఆ గోడ అడుగుభాగం ఇంకాల నాటిది. సున్నం లేకుండా, రాయికి రాయి ఒరిపిడి పెట్టి కూర్చినది. 1650లో వచ్చిన భూకంపం స్పానిష్ వాళ్ల కట్టడాలను చాలావరకు నేలమట్టం చేసింది. 1950 మే నెల భూకంపంలో సాంతో దొమింగో మఠం దెబ్బతిన్నప్పుడు, దాని కింద ఉన్న కొరికాంచ, అంటే ఇంకాల సూర్యాలయం, గోడలు మరింతగా బయటపడ్డాయి. అవి మాత్రం చెక్కుచెదరలేదు. 1983లో యునెస్కో ఆ పాత నగరాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. సాంస్కృతిక శాఖ అనుమతి లేకుండా అక్కడ గోడకు రంధ్రం కూడా వేయకూడదు. లిఫ్టు ఎక్కడ పెట్టమంటారు? హీటర్ గొట్టాలు ఎక్కడి నుంచి లాగమంటారు? హతున్ రుమియోక్ వీధిలో ఇంకాల గోడలోని పన్నెండు మూలల రాయిని చూసే ఉంటారు. 2025 ఫిబ్రవరిలో ఒకడు దాన్ని ఇనుప వస్తువుతో కొట్టి పెచ్చులూడగొట్టాడు. అలాంటి ఊరిలో లిఫ్టు లేదని నక్షత్రాలు కోయడం న్యాయమా?

తూర్పుకనుమ:
న్యాయమే. పాత గోడలకు నేనూ దండం పెడతాను. కానీ డబ్బు తీసుకుని గది అద్దెకిచ్చేవాడు ప్లగ్గుకు తగిలించే నూనె హీటర్ ఇవ్వడానికి ఏ శాఖ అనుమతీ అక్కర్లేదు. చాలా హోటళ్లు అడిగితే ఇస్తాయి, కొన్ని అద్దె తీసుకుంటాయి. లిఫ్టు లేదన్న సంగతి బుకింగ్ పేజీలో ముందే రాశారా లేదా అన్నదే ప్రశ్న. పెద్దవాళ్లతో వెళ్లేవారికి అన్నిటికంటే ముఖ్యమైన విషయం అది. వేసవిగాలి గారూ, మీది ఎన్నో అంతస్తు? హీటర్ అడిగారా?

వేసవిగాలి:
పై అంతస్తు. అడిగితే ఇంకో రెండు కంబళ్లూ, వేడినీళ్ల సంచీ ఇచ్చారు. హీటర్లన్నీ అయిపోయాయన్నారు.

తూర్పుకనుమ:
అయితే "హీటర్ లేదు" అని కాదు, "హీటర్లు చాలినన్ని లేవు, అడిగితే కంబళ్లు ఇచ్చారు" అని రాయాలి. చదివేవాడికి పనికొచ్చేది రెండోదే.

భౌతికం_బాబాయి:
కెటిల్ మీద నింద వేయడం నేను ఒప్పుకోను. కుస్కో దాదాపు 3,400 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడ వాతావరణ పీడనం సముద్రమట్టంలో ఉండేదానిలో మూడింట రెండు వంతులు. నీళ్లు సుమారు 88 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. ఎంతసేపు మంట పెట్టినా ఆవిరి పెరుగుతుంది తప్ప వేడి పెరగదు. అందుకే టీ దిగదు, బియ్యం పలుకుగానే ఉంటాయి. మీరు తీసుకెళ్లిన ఎలక్ట్రిక్ కుక్కర్ మూత వదులుగా ఉండేదై ఉంటుంది. విజిల్ వచ్చే ప్రెషర్ కుక్కరైతే లోపల పీడనం పెంచుకుంటుంది కాబట్టి అక్కడా 110 డిగ్రీలు దాటుతుంది, అన్నం ఉడుకుతుంది. కెటిల్ తన పని తాను చేసింది.

పప్పుచారు:
శాకాహారులకు అక్కడ ఏమి దొరుకుతుంది? మేమూ వెళ్దామనుకుంటున్నాం.

వేసవిగాలి:
బాబాయి గారూ, మంచిది. కెటిల్ వాక్యం తీసేస్తాను. మరి ఆయాసం సంగతి? ఆక్సిజన్ తక్కువ ఉన్న ఊరిలో మెట్లెక్కించడం హోటల్ తప్పు కాదా?

భౌతికం_బాబాయి:
ఆక్సిజన్ తక్కువ ఉండదు. గాలిలో దాని వాటా అక్కడా 21 శాతమే, ఎవరెస్టు మీదా 21 శాతమే. తగ్గేది పీడనం.

మందులచీటీ:
పీడనం తగ్గితే ఒక్కో ఊపిరికీ లోపలికి చేరే ఆక్సిజన్ తగ్గుతుంది. రోగికి కావలసింది అదే. ఆక్సిజన్ తక్కువ అనడంలో తప్పేమీ లేదు.

భౌతికం_బాబాయి:
వాటా తగ్గదు, అందే మొత్తం తగ్గుతుంది. రెండూ ఒకటి కాదు. శాతానికీ మొత్తానికీ తేడా చూడకపోతే ఎలా?

మందులచీటీ:
మెట్ల మీద ఆగిపోయిన మనిషికి ఆ తేడా వివరించి చూడండి. వేసవిగాలి గారూ, లిమా నుంచి విమానంలో నేరుగా వచ్చారా? అమ్మగారికి తలనొప్పి, వాంతులు వచ్చాయా?

వేసవిగాలి:
నేరుగానే. గంటంబావు ప్రయాణం. అమ్మకు ఆ రాత్రి తలనొప్పి. కింద కౌంటర్ దగ్గర ఆక్సిజన్ సిలిండర్ ఉంది. పావుగంట పెట్టారు, తగ్గింది. డబ్బు తీసుకోలేదు.

మందులచీటీ:
ఇంత మంచి సంగతి సమీక్షలో లేదేమిటి? సముద్రమట్టం నుంచి ఒక్కసారిగా అంత ఎత్తుకు చేరితే చాలామందికి అలాగే అవుతుంది. ఇంతకుముందు లేహ్‌లో ఏమీ కాలేదని ధైర్యం చెప్పుకునేవారున్నారు, ఒకసారి రాకపోతే మళ్లీ రాదని లెక్క లేదు. తెలిసినవాళ్లు విమానం దిగగానే ఉరుబంబ లోయకు, అంటే 2,800 మీటర్ల ప్రాంతానికి దిగిపోయి, ఒకటి రెండు రాత్రులు అక్కడ పడుకుని తర్వాత కుస్కోకు వస్తారు. మాచు పిచ్చు ఇంకా కిందే, సుమారు 2,430 మీటర్లు. ఎత్తు వల్ల వచ్చే ఈ బాధ రాకుండా అసెటజోలమైడ్ మాత్ర వైద్యుణ్ణి అడిగి ముందురోజు నుంచి వేసుకోవచ్చు. సల్ఫా మందులు పడనివాళ్లు ఆ సంగతి వైద్యుడికి తప్పక చెప్పాలి. తలనొప్పి పెరుగుతున్నా, పడుకున్నా ఆయాసం తగ్గకపోయినా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లాలి, కిందికి దిగాలి. హోటల్ సిలిండర్‌ను నమ్ముకుని కూర్చోకూడదు. అక్కడ కోకా ఆకులతో, అంటే కొకెయిన్ తీసే మొక్క ఆకులతో, కాచిన టీ ఇస్తారు, తాగవచ్చు. ఆకులు మాత్రం సంచీలో పెట్టుకుని రావద్దు. మన దేశంలో మాదకద్రవ్యాల చట్టం కింద నేరం.

పాతగోడలు:
పూర్వపు సెమినరీ భవనంలో నడుస్తున్న మొనాస్తెరియో హోటల్‌లో గదిలోకే అదనపు ఆక్సిజన్ పంపే ఏర్పాటు ఉంది. పాత గోడల మధ్య అదీ సాధ్యమే అని ఒప్పుకుంటున్నాను, ఖర్చు పెట్టగలిగితే.

తూర్పుకనుమ:
అదే నేను చెప్పేది. గోడలు అడ్డు కాదు, గది ధర అడ్డు.

కొండదారి:
జూన్ అన్నారు కాబట్టి చప్పుడు సంగతి. జూన్ 24న ఇంతి రాయ్మి, సూర్యుడి పండుగ. కొరికాంచలో మొదలై, ప్రధాన కూడలి మీదుగా సాక్సాయ్‌వామన్ కోట దాకా సాగుతుంది. ఇప్పుడు చేసే తీరు 1944 నుంచి మొదలైంది. దానికి ముందు కార్పస్ క్రిస్తి అనే క్యాథలిక్ పండుగ. ఊరి చర్చిల నుంచి పదిహేను మంది సాధువుల, కన్యమాతల విగ్రహాలను కెథడ్రల్‌కు ఊరేగిస్తారు. జూన్ అంతా ఊరు బాజాలతో మోగుతూనే ఉంటుంది. కూడలికి దగ్గర గది తీసుకుని నిశ్శబ్దం కోరితే ఎలా? అందుకోసమే ఆ నెలలో వెళ్లేవాళ్లు ఉన్నారు.

వేసవిగాలి:
అందరూ హోటల్ తరఫున వకాల్తా పుచ్చుకున్నట్టున్నారు. సరే, చలి కొండది, టీ కొండది, చప్పుడు దేవుళ్లది. ఆ 18 శాతం ఎవరిది?

తూర్పుకనుమ:
అసలు ప్రశ్న అదే. పెరూలో నివాసం లేని విదేశీయులు 60 రోజులలోపు ఉంటే హోటల్ గదికీ, హోటల్ ఇచ్చే భోజనానికీ ఆ పన్ను మినహాయింపు ఉంటుంది. పాస్‌పోర్టూ, దేశంలోకి వచ్చిన నమోదూ చూపించాలి. గదిలో అందరూ విదేశీ పర్యాటకులేనా? బిల్లు ఎవరి పేర వేశారు?

వేసవిగాలి:
మేమంతా భారతీయులమే. బుకింగ్ మా తమ్ముడు చేశాడు, మాతోనే ఉన్నాడు. వాడు లిమాలో ఉద్యోగం చేస్తున్నాడు.

తూర్పుకనుమ:
లిమాలోనా? నివాస కార్డు ఉందా?

వేసవిగాలి:
ఉద్యోగం చేస్తున్నాడంటే ఉండదా?

తూర్పుకనుమ:
అయితే అతను పర్యాటకుడి లెక్కలోకి రాడు. అక్కడ నివాసం ఉన్నవారు గది పంచుకుంటే ఆ గదికి పన్ను వేస్తారు. పాస్‌పోర్టు ఏ దేశానిదన్నది కాదు, నివాసం ఎక్కడన్నదే లెక్క. మీకు, అమ్మగారికి వేరే గది, వేరే బిల్లు తీసుకుని ఉంటే మీ వాటాకు మినహాయింపు అడగవచ్చు. ఇప్పుడు కుదరదు. హోటల్ వాళ్లు మోసం చేశారని రాస్తే వాళ్లు జవాబులో మీ తమ్ముడి కార్డు సంగతి పెడతారు.

కొండదారి:
నవ్వి ఊరుకోకుండా ఈ మాట అక్కడే చెప్పి ఉండవచ్చు కదా. అది మాత్రం సమీక్షలో రాయదగ్గదే.

పప్పుచారు:
శాకాహారం గురించి అడిగాను.

పాతగోడలు:
కినువా సూపు, చీజుతో మొక్కజొన్న కంకులు. గుడ్డు తింటారా?

ఒక్కమాట:
మళ్లీ అడుగుతున్నాను. బిల్లు ఫొటో జత చేశారా?

వేసవిగాలి:
చేయకపోతే ఎలా నమ్ముతారు? బిల్లు ఫొటో, కౌంటర్‌లో నవ్విన అతని ఫొటో రెండూ పెట్టాను.

ఒక్కమాట:
బిల్లులో మీ పాస్‌పోర్టు నంబరు ఉంటుంది. అతని ముఖం, ఛాతీ మీద పేరుపట్టీ కనిపిస్తాయి. రెండూ తీసి పంపండి.

మందులచీటీ:
సిలిండర్ వాక్యం చేర్చండి. పెద్దవాళ్లతో వెళ్లేవారు దాని కోసమే చూస్తారు.

పాతగోడలు:
వరండా కిటికీ వాక్యం తీసేయండి.

తూర్పుకనుమ:
తీయవద్దు. వెలుతురు తక్కువ అని రాయండి. వెలుతురు కోసం గది మార్చుకునేవాళ్లుంటారు.

భౌతికం_బాబాయి:
మందులచీటీ గారూ, పాక్షిక పీడనం అని ఒకటి ఉంది. దాని లెక్క రాత్రికి వివరంగా పెడతాను.

వేసవిగాలి:
ఫొటోలు తీసి పంపాను, పడింది. ధన్యవాదాలు. నక్షత్రాలు మాత్రం రెండే.

తూర్పుకనుమ:
పన్ను మాట తీసేశారా?

పప్పుచారు:
గుడ్డు తినం. డిసెంబరులో వెళ్తే వానలు ఎక్కువా?