పల్లాడియం క్యాటలిస్ట్ ఐదుసార్లు వాడితే రీసైక్లబుల్ అయినట్టేనా?

పరిశోధక విద్యార్థి: సుజుకి కప్లింగ్ (రెండు అణువులను కార్బన్-కార్బన్ బంధంతో కలిపే రియాక్షన్) కోసం సిలికా మీద లిగాండ్ (లోహాన్ని పట్టి ఉంచే అణువు) కట్టి, దానికి పల్లాడియం పట్టించాం. వడగట్టి, కడిగి, మళ్లీ వేశాం. ఐదు సైకిళ్లలోనూ యీల్డ్ (చేతికొచ్చిన ఉత్పత్తి) 95 శాతం దగ్గరే ఉంది. సస్టైనబుల్ అని రాసుకోవచ్చా?

ప్లాంట్ మనిషి: ఒక్కో సైకిల్ ఎంతసేపు నడిపారు? అరగంటలో అయ్యే రియాక్షన్‌ను ఆరు గంటలు ఉంచితే, క్యాటలిస్ట్ సగం చచ్చినా చివరికి అదే 95 కనిపిస్తుంది. ప్రతిసారీ మొదటి పది నిమిషాల కన్వర్షన్ (ముడిపదార్థం ఎంత మారిందో) కొలవండి, అప్పుడు మాట్లాడుకుందాం.

పరిశోధక విద్యార్థి: ఆరు గంటలే సార్. కానీ హాట్ ఫిల్ట్రేషన్ చేశాం. మధ్యలో వేడిగానే వడగట్టి క్యాటలిస్ట్ తీసేస్తే రియాక్షన్ ఆగిపోయింది. అంటే లోహం కరగట్లేదనేగా?

ప్లాంట్ మనిషి: అంత తేలిగ్గా తేలదు. పల్లాడియం ద్రావణంలోకి దిగి, పని చేసి, హేలైడ్ (బ్రోమైడ్ లాంటి ముడిపదార్థం) అయిపోగానే మళ్లీ సపోర్ట్ (సిలికా లాంటి ఘన ఆధారం) మీదకి చేరుకోవచ్చు. వడగట్టేలోపే చేరిపోయిందనుకోండి, టెస్టుకు దొరకదు. హెక్ రియాక్షన్‌కైతే (ఇదీ పల్లాడియంతో చేసే కప్లింగే) లిగాండ్ లేని పల్లాడియం అతి కొద్దిగా ఉన్నా చాలని రసాయన శాస్త్రవేత్త డి వ్రీస్ బృందం 2003లోనే చూపించింది. మీ బ్రోమైడ్‌ను వేరే రెజిన్‌కు (కరగని పాలిమర్‌కు) కట్టేసి చూడండి. ఘనపదార్థం వెళ్లి ఘనపదార్థాన్ని పట్టుకోలేదు కదా. అదీ రియాక్ట్ అయితే పల్లాడియం కరిగినట్టే. వడగట్టిన ద్రవాన్ని ఐసీపీకి (లోహం ఎంతుందో కొలిచే పరీక్షకు) కూడా పంపండి.

క్వాలిటీ విభాగం: నాకైతే ఆ ఐసీపీ అంకె ఒక్కటే కావాలి. మందుల్లో లోహ మలినాలకు హద్దులు పెట్టే అంతర్జాతీయ మార్గదర్శకం ఐసీహెచ్ క్యూ3డీ ప్రకారం నోటి మందులో పల్లాడియం రోజుకు 100 మైక్రోగ్రాములు దాటకూడదు. సైకిల్ ఎన్నోదైనా ఆ హద్దు మారదు.

సపోర్ట్ పక్షం: ఇలా అయితే ఈ రంగమే మూసేయాలి! హైదరాబాద్ ఐఐసీటీ (రసాయన పరిశోధన సంస్థ) వాళ్లు 2002లో లేయర్డ్ డబుల్ హైడ్రాక్సైడ్ అనే పొరల పదార్థం మీద నానో పల్లాడియంతో, తేలిగ్గా రియాక్ట్ కాని మొండి క్లోరోఅరీన్లనే (క్లోరిన్ ఉన్న ముడిపదార్థాలనే) కప్లింగ్ చేయించారు. లోహాన్ని వడగట్టి తీసేయగలగడం చిన్న లాభమా?

ప్లాంట్ మనిషి: కాదనను. కానీ మా దగ్గర పల్లాడియం-కార్బన్ ఒకసారి వాడాక రిఫైనర్‌కే పోతుంది. హైడ్రోజనేషన్ తర్వాత వడగట్టగా మిగిలిన కేక్ ఆరితే నిప్పంటుకుంటుంది, అందుకని తడిగానే డ్రమ్ముకెక్కిస్తాం. కార్బన్ కాల్చి లోహం తీస్తారు. నా దృష్టిలో అదీ రీసైక్లింగే. ఆ సిలికాకు లిగాండ్ కట్టడానికి ఎన్ని స్టెప్పులు, ఎంత టాలుయీన్ ద్రావకం పోశారో పేపర్లో రాయమనండి.

సపోర్ట్ పక్షం: రాద్దాం. మరి మీ రిఫైనర్ కాల్చిందీ, యాసిడ్‌లో కరిగించిందీ ఎవరి ఖాతాలో వేద్దాం?