సూపర్ మారియో మళ్లీ ఆడుతుంటే చిన్నప్పటి ఆటలా లేదు: వేగం, సౌండ్, జంప్ అన్నీ తేడా. ఎక్కడ సరిచేయాలి?

ప్రశ్న: కొండపల్లి_బొమ్మ

1985 నాటి సూపర్ మారియో బ్రదర్స్‌ని మొదటి స్టేజ్ నుంచి చివరిదాకా మళ్లీ ఆడదామని పెట్టాను. విండోస్ లాప్‌టాప్, రెట్రోఆర్క్ అనే ఎమ్యులేటర్‌లో (పాత ఆటల సెట్‌ని కంప్యూటర్ మీద అనుకరించే ప్రోగ్రామ్) నెస్టోపియా కోర్, హెచ్‌డీఎంఐ కేబుల్‌తో 43 అంగుళాల ఎల్‌ఈడీ టీవీ, బ్లూటూత్ రిమోట్ (గేమ్‌ప్యాడ్). ఆట నడుస్తోంది, కానీ మూడు తేడాలు కొట్టొచ్చినట్టు కనిపిస్తున్నాయి.

ఒకటి, మారియో మరీ పరుగెడుతున్నాడు. పాట కూడా ఎవరో తరుముతున్నట్టు హడావుడిగా ఉంది. రెండు, పాట శ్రుతి అదే అయినా దాని గొంతు వేరు. మూడు, గుంట అంచుదాకా వచ్చి జంప్ బటన్ ‘ఏ’ నొక్కితే ఎగరకుండానే పడిపోతున్నాడు. కాస్త ముందే నొక్కాల్సి వస్తోంది.

ఇవన్నీ నా భ్రమేనా, లేక నిజంగా సెట్టింగ్ తేడానా? పాత టీవీ వీడియో గేమ్ సెట్ కూడా ఇంట్లో ఉంది, 99999 ఇన్ 1 క్యాసెట్‌తో సహా. దాన్ని ఈ టీవీకి పెట్టొచ్చా?

జవాబు 1: యాభై_హెర్ట్జ్

భ్రమ కాదండీ. వేగం సంగతి స్టాప్‌వాచ్‌తో తేల్చేయొచ్చు. మొదటి స్టేజ్ 1-1లో టైమర్ 400 దగ్గర మొదలవుతుంది. మారియోని కదపకుండా వదిలేసి, 390 నుంచి 290 వచ్చేదాకా ఎన్ని సెకన్లు పట్టిందో చూడండి. ఈ ఆటలో టైమర్ ఒక అంకె తగ్గడానికి 24 ఫ్రేములు (తెర మీద ఒకదాని వెంట ఒకటి వచ్చే బొమ్మలు) పడుతుంది. 100 అంకెలంటే 2400 ఫ్రేములు. సెకనుకి 60 ఫ్రేములైతే 40 సెకన్లు, 50 అయితే 48 సెకన్లు. మీకు 40 వస్తుంది, పందెం.

కారణం ఇది. ఈ ఆటని జపాన్ టీవీల కోసం 60 హెర్ట్జ్‌కి రాశారు. మనది 50 హెర్ట్జ్ పాల్ పద్ధతి, 625 గీతల దూరదర్శన్ టీవీ. అందుకే మన బజార్లలోకి వచ్చిన క్లోన్ (నకలు) సెట్లలో చాలావాటికి పాల్ టీవీ కోసమే చేసిన చిప్పులు వేశారు. సెకనుకి 50 ఫ్రేములే ఇస్తాయి, ప్రాసెసర్ గడియారాన్ని మాత్రం నింటెండో వాళ్ల అసలు జపాన్ సెట్‌కి దగ్గరగానే ఉంచారు: అక్కడ 1.79 మెగాహెర్ట్జ్, ఇక్కడ 1.77. స్వరం ఎత్తు ప్రాసెసర్ గడియారాన్ని బట్టి, పాట నడక ఫ్రేముల్ని బట్టి ఉంటాయి. అందుకే శ్రుతి దాదాపు మారలేదు, నడక మాత్రం దాదాపు 17 శాతం నెమ్మదించింది. మీ చెవికి అలవాటైంది ఆ నెమ్మది పాటే.

ఎమ్యులేటర్లలో దీనికి డెండీ అనే రీజియన్ ఉంటుంది. ఇవే చిప్పులతో రష్యాలో అమ్ముడైన క్లోన్ పేరు అది. నెస్టోపియాలో కోర్ ఆప్షన్స్‌లోకి వెళ్లి సిస్టమ్ రీజియన్‌ని ఆటో నుంచి డెండీకి మార్చి, ఆటని మూసి మళ్లీ తెరవండి. పాల్ అని ఇంకో ఆప్షన్ కనిపిస్తుంది, అది వద్దు. అది యూరప్ అసలు సెట్‌ది, ప్రాసెసర్ గడియారం కూడా తక్కువ (1.66), కాబట్టి శ్రుతి దిగిపోతుంది. యూరప్ రోమ్ (ఆట ఫైలు) కూడా వద్దు. అందులో నింటెండో వాళ్లే పరుగు, జంప్ విలువల్ని 50 హెర్ట్జ్‌కి తగ్గట్టు మార్చేశారు, మన క్యాసెట్లలో ఉన్నది అది కాదు.

డెండీ పెట్టాక ఇంకో చిక్కు వస్తుంది. టీవీ 60లో ఉండి ఆట 50 ఇస్తే తెర జరిగేటప్పుడు సెకనుకి పదిసార్లు చిన్న కుదుపు. విండోస్ అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లేలో రిఫ్రెష్ రేట్‌ని 50కి మార్చండి, మన దగ్గర అమ్మే టీవీలు సాధారణంగా తీసుకుంటాయి. తర్వాత రెట్రోఆర్క్ వీడియో సెట్టింగ్స్‌లో కూడా రిఫ్రెష్ రేట్ 50 అని చూపిస్తోందో లేదో చూసుకోండి. అక్కడ 60 అనే మిగిలిపోతే సౌండ్ చిట్లుతుంది.

జవాబు 2: చదరపు_అల

సౌండ్ గురించి. ఈ ఆట పాటలో రాగం రెండు చదరపు అలల ఛానెళ్ల మీద నడుస్తుంది. అల ఎంత సేపు పైన ఉంటుందో (12.5, 25, 50, 75 శాతం) ఆట ప్రోగ్రామే చెబుతుంది. చాలా క్లోన్ చిప్పుల్లో ఈ విలువ చెప్పే రెండు బిట్లు తారుమారయ్యాయి. 50 అంటే 25, 25 అంటే 50. నిండుగా పలకాల్సిన స్వరం ముక్కుతో పాడినట్టు సన్నగా వస్తుంది. మీకు గుర్తున్న గొంతు అదే అయ్యుంటుంది.

ఎఫ్‌సీఈయూఎమ్‌ఎమ్ కోర్‌కి మారండి, దాని ఆడియో ఆప్షన్లలో స్వాప్ డ్యూటీ సైకిల్స్ అని ఉంటుంది. మెసెన్ కోర్‌లో కూడా ఉంది. రెండిట్లోనూ డెండీ రీజియన్ ఉంది కాబట్టి పైన చెప్పినదేదీ వృథా కాదు. అన్ని క్లోన్లలోనూ ఈ తప్పు లేదు, అందుకే ఆన్, ఆఫ్ రెండూ పెట్టి 1-1 పాట విని తేల్చుకోండి.

జవాబు 3: లేటెన్సీ_లింగం

జంప్ ఆలస్యం వేరే జబ్బు, దానికి 50, 60తో పని లేదు. పాత డబ్బా టీవీ వచ్చిన సిగ్నల్‌ని వచ్చినట్టే గీసేది. ఎల్‌ఈడీ టీవీ బొమ్మని మెరుగులు దిద్ది చూపిస్తుంది, దానికే మామూలు మోడ్‌లో 50 నుంచి 100 మిల్లీసెకన్లు పోవచ్చు. మారియో పూర్తి పరుగులో ఒక ఫ్రేముకి రెండున్నర పిక్సెళ్లు కదులుతాడు. 100 మిల్లీసెకన్లంటే 60లో ఆరు ఫ్రేములు, అంటే 15 పిక్సెళ్లు. ఒక ఇటుక వెడల్పు 16. మీరు అంచున నొక్కాననుకున్నప్పటికి వాడు ఇటుకంత దూరం దాటేశాడన్నమాట.

మందు ఈ వరసలో వేయండి. ముందు టీవీలో గేమ్ మోడ్. అది లేకపోతే ఆ హెచ్‌డీఎంఐ ఇన్‌పుట్ పేరుని పీసీ అని మార్చండి, కొన్ని టీవీల్లో దానితోనే మెరుగులు ఆగిపోతాయి. తర్వాత బ్లూటూత్ తీసేసి యూఎస్‌బీ వైరుతో రిమోట్. సౌండ్ బ్లూటూత్ స్పీకర్‌కి పోతుంటే అదీ తీసేయండి, కంటికీ చెవికీ పొంతన కుదరదు.

చివరగా రెట్రోఆర్క్ లేటెన్సీ (ఆలస్యం) సెట్టింగ్స్‌లో రన్-అహెడ్. ఇది ఆట లోపలే ఉండే ఆలస్యాన్ని మింగేస్తుంది. ఎన్ని ఫ్రేములు పెట్టాలో ఊహించకండి, కొలవండి: కీబోర్డు మీద పి నొక్కి ఆట ఆపండి, జంప్ బటన్ నొక్కి పట్టుకోండి, కె నొక్కుతూ ఒక్కో ఫ్రేమూ ముందుకు జరపండి. ఎన్నో నొక్కుకి మారియో కదిలాడో అందులోంచి ఒకటి తీసేస్తే అదే మీ సంఖ్య. ఈ ఆటకి 1 చాలు. ఎక్కువ పెడితే జంప్ మొదటి ఫ్రేములు మాయమై మారియో గాల్లో ప్రత్యక్షమైనట్టు కనిపిస్తాడు.

ఇంకో మాట. రిమోట్‌లో టర్బో బటన్లకి ఏ కేటాయించి ఉంటే తీసేయండి. జంప్ ఎత్తు ఏ ఎంతసేపు నొక్కి ఉంచారన్న దాన్ని బట్టే ఉంటుంది. టర్బో సెకనుకి పలుసార్లు నొక్కి వదులుతుంది, దాంతో ప్రతిదీ పొట్టి జంపే.

జవాబు 4: కోఠి_సోల్డరింగ్

పాత సెట్ పెట్టొచ్చు, కానీ నేరుగా ప్లగ్గులో గుచ్చకండి.

ముందు అడాప్టర్. ఈ రకం సెట్లు ఎక్కువగా 9 వోల్టులవి. పిన్ను మధ్యలో నెగటివా పాజిటివా అన్నది సెట్ అడుగున బొమ్మ వేసి ఉంటుంది, మల్టీమీటర్‌తో అడాప్టర్‌ని సరిపోల్చండి. తిరగేసి పెడితే, లోపల డయోడ్ లేని సెట్ అయితే, 7805 రెగ్యులేటర్ (5 వోల్టులు ఇచ్చే భాగం) మొదలు లోపలి చిప్పు దాకా ఏదైనా పోవచ్చు. పాత ట్రాన్స్‌ఫార్మర్ అడాప్టర్ ఖాళీగా కొలిస్తే 12, 13 చూపిస్తుంది, దానికి కంగారు వద్దు, లోడ్ పడితే దిగుతుంది. సెట్ ఆన్ చేశాక 7805 మూడో కాలు దగ్గర 5 వోల్టులు ఉండాలి. 4.7 కంటే తగ్గితే బొమ్మ చెదరడం, మెనూ దగ్గరే ఆగిపోవడం మొదలవుతాయి. అప్పుడు రెగ్యులేటర్, దాని ముందూ వెనకా ఉన్న పెద్ద కెపాసిటర్లు మార్చేయండి. మైక్రోఫారడ్ విలువ పాతదే, వోల్టేజ్ మాత్రం 25ది తీసుకోండి. హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీలో చిల్లర ఖర్చు. చిప్పు ఉండాల్సిన చోట నల్ల జిగురు బొట్టు మాత్రమే కనిపిస్తే, ఆ బొట్టు కింద చిప్పు పోతే ఇక రిపేరు లేదు.

క్యాసెట్‌లోకి నోటితో ఊదొద్దు. పనిచేసినట్టు అనిపించేది తీసి మళ్లీ పెట్టడం వల్ల, ఊదినందుకు కాదు. ఉమ్మి తడికి రాగి పచ్చబడుతుంది. 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ దూదిపుల్లకి అద్ది, పిన్నుల పొడవునా రుద్దండి (రెండు వైపులా కలిపి 60 పిన్నులు), ఐదు నిమిషాలు ఆరనివ్వండి. గరుకు కాగితం పెడితే పైపూత లేచిపోతుంది.

కనెక్షన్: వెనక పసుపు, తెలుపు ఏవీ సాకెట్లు ఉంటే అవే వాడండి. యాంటెన్నా వైరు మాత్రమే ఉంటే టీవీ అనలాగ్ ఛానెళ్లని వెతికించాలి, బొమ్మ గరగరగా ఉంటుంది. కొత్త టీవీల్లో ఏవీ ఇన్ అనేది ఇయర్‌ఫోన్ రంధ్రంలా ఉంటుంది. దానికి పెట్టే వైరులో రింగుల వరస కంపెనీకో తీరు. పసుపులో బొమ్మ రాకపోతే మిగతా రెండు ప్లగ్గుల్లోనూ పెట్టి చూడండి.

బొమ్మ వచ్చినా పాత టీవీలా ఉండదు. ఈ సెట్ ఇచ్చే సిగ్నల్‌ని ఎల్‌ఈడీ టీవీ మామూలు ఇంటర్‌లేస్ సిగ్నల్ అనుకుని రెండు ఫ్రేముల్ని కలిపేస్తుంది. దెబ్బ తగిలాక మినుకుమినుకుమనాల్సిన మారియో చారలు చారలుగా కనిపిస్తే కారణం అదే. బాతుల ఆట తుపాకీ మాత్రం వదిలేయండి, ఎల్‌సీడీ తెర మీద పని చేయదు.

జవాబు 5: ఎనిమిది_నాలుగు

ఒక భిన్నాభిప్రాయం. చిన్నప్పటి రుచి కోసమైతే డెండీ సరే. ఈసారి చివరి స్టేజ్ 8-4 పూర్తి చేయడమే లక్ష్యమైతే 60లోనే నేర్చుకోండి. ఆట నిదానించినా టైమర్ కూడా అంతే నిదానిస్తుంది, స్టేజ్‌లో ఏదీ తేలిక కాదు. దక్కేదల్లా ఒక్కో ఫ్రేము 16.7 బదులు 20 మిల్లీసెకన్లు ఉండటం. ఆ అలవాటుతో రేపు నింటెండో స్విచ్ ఆన్‌లైన్‌లో ఇదే ఆట పెడితే మళ్లీ మొదటికొస్తుంది.

మోడరేటర్

రోమ్ ఫైళ్ల లింకులు ఇక్కడ పెట్టొద్దు, అడగొద్దు.

కొండపల్లి_బొమ్మ

టైమర్ పరీక్ష చేశాను: 40 వచ్చింది. డెండీ పెడితే 48. డ్యూటీ స్వాప్ ఆన్ చేయగానే పాట గొంతు సరిపోయింది. గేమ్ మోడ్, వైరు రిమోట్, రన్-అహెడ్ 1తో గుంటలు దాటుతున్నాను. ఇంకో రెండు అడుగుతాను. 99999 ఇన్ 1 మెనూలో సూపర్ మారియో పేరు చాలాసార్లు ఉంది, అవన్నీ వేరే ఆటలా? లైఫులు పెంచుకుని 8 దాకా వెళ్లే దారి ఏది?

ఎనిమిది_నాలుగు

మెనూలోవి వేరే ఆటలు కావు, మొదలయ్యే స్టేజ్ మార్చి పేరు మార్చినవి. అసలు ఆట 40 కిలోబైట్లు, 8 వరల్డులు, 32 స్టేజ్‌లు. ఎమ్యులేటర్ ఫైలైతే హెడర్‌తో కలిపి 40,976 బైట్లు ఉండాలి. అంతకంటే తేడా ఉంటే ఎవరో చెయ్యి పెట్టారని అర్థం.

దారి: 1-2 చివర్లో లిఫ్ట్ మీంచి పైకప్పు ఎక్కి, బయటికెళ్లే పైపుని దాటి నడిస్తే మూడు పైపులు, ఎడమ నుంచి 4, 3, 2. నాలుగులోకి దూకండి. 4-2లో దాచిన బ్లాకుల్ని తలతో గుద్ది మెట్లుగా చేసుకుని, ఇటుకలోంచి వచ్చే తీగ ఎక్కితే 8, 7, 6 పైపులు. తీగ వదిలేసి 1-2లో లాగే పైకప్పు మీదుగా పోతే 5 ఒక్కటే దొరుకుతుంది. తీగ దారిలో వెళితే మొత్తం ఎనిమిదే స్టేజ్‌లు. 8-1లో టైమర్ 300 మాత్రమే, స్టేజేమో పొడుగు. పరుగు బటన్ ‘బి’ వదలకండి.

లైఫులకి 3-1 చివరి మెట్లు. దీనికి నాలుగు బదులు 3 పైపు తీసుకోవాలి. మెట్ల మీంచి రెండు తాబేళ్లు దిగుతాయి. ఒకదాన్ని పోనిచ్చి, రెండోది మెట్టు మీద ఉండగా తొక్కి, డిప్పని మెట్టు గోడకేసి తన్నేలా మళ్లీ మళ్లీ దాని మీదే పడాలి. నేల తాకకుండా తొక్కితే 100, 200, 400 అంటూ 8000 దాకా వెళ్లి, ఆ తర్వాత ప్రతి తొక్కుకీ ఒక లైఫు. డిప్ప కాళ్ల కిందనుంచి జారిపోతుంటే మీరు మెట్టుకి మరీ దగ్గరగా ఉన్నారని, అర ఇటుక ఎడమకి జరగండి. 10కి చేరాక లెక్క చోట కిరీటం, తర్వాత పిచ్చి బొమ్మలు కనిపిస్తాయి. 100 దగ్గర్లో ఆపేయండి. 127 దాటితే లెక్క మైనస్‌లోకి తిరిగి, తర్వాతి చావుకే గేమ్ ఓవర్.

గేమ్ ఓవర్ అయినా కంగారు వద్దు. టైటిల్ తెర మీద ఏ పట్టుకుని స్టార్ట్ నొక్కితే చచ్చిన వరల్డు మొదటి స్టేజ్ నుంచి మొదలవుతుంది. 8-3లో పోతే 8-1 నుంచి.